సిమ్లాకి ఇద్దరు, మాటకి ముగ్గురు

పోయిన వారం మనం మొగల్తూరులో, సత్యప్రసాద్ ఇంటి తలుపు వెనకాల, చేతిలో కాఫీ గ్లాసులతో నిలబడిపోయిన రామలక్ష్మి దగ్గర ఆగాం. అవతల అరుగు మీద రొయ్యల మేత కంపెనీ గణేష్‌బాబు రంగురంగుల కాగితం ఒకటి పరిచి, "మీ డీలర్‌షిప్ ఈ ఏడాది జిల్లాలో మూడోదండి. కంపెనీ తరఫున సిమ్లా. శని, ఆదివారాలు అక్కడేనండి. కాకపోతే భార్యాభర్తలు కలిసి రావాలండి, ఒక్కళ్ళకి లేదు," అన్నాడు. ఏదడిగినా "చూద్దాంలెండి" అనే సత్యప్రసాద్ ఆ పూట ఇంట్లోకి తొంగైనా చూడకుండా, "వస్తాం, రాసుకోండి," అనేశాడు. తలుపు వెనకాల రామలక్ష్మి చేతిలో గ్లాసులు ఒకదానికొకటి కొట్టుకున్నాయి.

ఉచితంగా సిమ్లా తీసుకెళ్తామంటే వణకడమేమిటని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. ఆ మొగుడూ పెళ్ళాలకి మూడేళ్ళ నుంచి మాటల్లేవు.

మాటల్లేవంటే విడిపోయారని కాదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే బల్ల మీద భోజనం. మధ్యలో కూతురు హేమశ్రీ, ఇంటర్ రెండో సంవత్సరం, ఆ ఇంటికి తపాలా.

"హేమా, మీ నాన్నగారికి చారు పొయ్యమంటారేమో అడుగు."

"నాన్నా, చారు?"

"పొయ్యమనమ్మా. కూరలో కొంచెం ఉప్పు తగ్గిందని కూడా చెప్పు."

"అమ్మా, ఉప్పు తగ్గిందట."

ముగ్గురి మధ్యా మూరెడు దూరం లేదు. అయినా మాట ఆ పిల్ల మీదుగానే వెళ్ళాలి, ఆ పిల్ల మీదుగానే రావాలి. హేమశ్రీ కాలేజీకి వెళ్ళిన వేళల్లో సత్యప్రసాద్ గోడ గడియారంతో మాట్లాడతాడు. "రేపు మేత లారీ వస్తుంది, ఇద్దరు మనుషులకి ఎక్కువ వండాలి," అని దానికి చెప్పి చెరువుల మీదికి వెళ్ళిపోతాడు. రామలక్ష్మి గడియారంతో కూడా మాట్లాడదు. భోజనం సిద్ధమైతే కంచం మీద గరిటెతో రెండుసార్లు కొడుతుంది. టెలిఫోన్‌లో అవతల మొగుడి గొంతు వినపడితే "ఆ" అని కూడా అనకుండా రిసీవరు బల్ల మీద పెట్టేస్తుంది. 

కారణం ఊరందరికీ తెలుసు. రామలక్ష్మికి పెళ్ళిలో పసుపు కుంకుమ కింద వాళ్ళ నాన్న రాసిచ్చిన ఎకరం మాగాణి ఉండేది. మూడేళ్ళ కిందట సత్యప్రసాద్ ఆమెతో ఒక్క మాట చెప్పకుండా దాన్ని రొయ్యల చెరువుగా తవ్వించాడు. యంత్రం దిగి గట్లు పోస్తుంటే, ఆమెకి ఆ సంగతి పాలు పోసే చిట్టియ్య చెప్పాడు. చెరువులో నీళ్ళు పెట్టిన రోజు నుంచి నోరు కట్టేసుకుంది. "ఆడమనిషికి అంత పంతమా?" అని కొందరు, "అలాంటి మొగుడికి అదే తగిన శాస్తి," అని కొందరు. మొత్తానికి ఊరు దానికి పంతమని పేరు పెట్టి ఊరుకుంది. పంతమైతే రామలక్ష్మి ఎప్పుడో దిగొచ్చేది. ఆ సంగతి ఆవిడకే తెలుసు.

ఇవాళ ఆదివారం. సాయంత్రం అయిదింటికి గణేష్‌బాబు ఫోన్ చేస్తాడు. ఇద్దరి పేర్లూ ఖాయం చేస్తే వచ్చే గురువారం నరసాపురంలో రైలెక్కాలి, హైదరాబాదులో విమానం, ఢిల్లీలో బస్సు. శనివారం తెల్లారేసరికి సిమ్లా.

పొద్దున్న పది గంటల వేళ రామలక్ష్మి వసారాలో కూచుని నీలం ఊలుతో స్వెట్టర్ అల్లుతోంది. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళ చేతికి లేసు అల్లిక చెప్పక్కర్లేదు, పదేళ్ళ పిల్ల కూడా మాట్లాడుతూ మాట్లాడుతూ గులాబీ పువ్వు అల్లేస్తుంది. ఊలు మాత్రం ఆ చేతులకి కొత్త. తెలిసిన విద్య అదే కాబట్టి, రామలక్ష్మి ఆ స్వెట్టర్‌ని కూడా లేసు లాగే అల్లింది. ఛాతీ మీద పువ్వులు, చేతుల మీద ఆకులు, పువ్వుకీ ఆకుకీ మధ్య వేలు దూరేటంత కన్నాలు.

హేమశ్రీ దాన్ని ఎత్తి వెలుగుకి పట్టి చూసి పడీ పడీ నవ్వింది.

"అమ్మా! చలికి దారి నువ్వే చూపిస్తున్నావే! దీన్ని వేసుకుంటే నాన్న ఇక్కడ సముద్రం గాలికే గడ్డకట్టుకుపోతారు."

"లోపల రెండు బనీన్లు వేసుకోమను."

"సరేలే. మరి నీ స్వెట్టరేదీ?"

రామలక్ష్మి సూది ఆగింది. "నాకెందుకే," అంది తల ఎత్తకుండా.

నిజానికి ఆవిడ ఉపాయం ఆవిడ దగ్గర ఉంది. బుధవారం మధ్యాహ్నానికి నడుం పట్టేసిందని మంచమెక్కాలి. గురువారం లేవకూడదు. అడిగిన వాళ్ళకి మూలిగి చూపించాలి. జంటగా వస్తేనే తీసుకెళ్తామన్నది వట్టి మాటే, డబ్బు కట్టేశాక కంపెనీ వాళ్ళు ఒక్కణ్ణి మాత్రం వదిలేసి వెళ్తారా, అని తనకి తాను సర్దిచెప్పుకుంది. అందుకే స్వెట్టర్ ఒక్కటే మొదలుపెట్టింది.

హేమశ్రీకి అదేం తెలీదు. లోపలికి పరిగెత్తి ఒక పొడుగు నోటుబుక్కు పట్టుకొచ్చి తల్లి ముందు చతికిలబడింది. స్నేహితురాలి నాన్న మిలట్రీలో ఉన్నప్పుడు సిమ్లాలో చేశాట్ట. ఆయన దగ్గర కూచుని వారం రోజులు రాసుకొచ్చింది. శనివారం పొద్దున్న మాల్ రోడ్డు, అక్కడ బళ్ళు తిరగవు, నడకే. మధ్యాహ్నం జాఖూ కొండ మీద హనుమంతుడి గుడి, కోతులు కళ్ళద్దాలు లాక్కుపోతాయి కాబట్టి నాన్న జేబులో పెట్టుకోవాలి. ఆదివారం కుఫ్రీ, అదృష్టం ఉంటే మంచు. ఎటు చూసినా దేవదారు చెట్లు, వాటి కింద నిలబడితే ఆకాశం కనిపించదట. రామలక్ష్మి వింటూ వింటూ అల్లిక మరిచిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అంత ఎత్తు చెట్లు చూసింది లేదు. చిన్నప్పుడు కోరుకొండ మెట్లెక్కిందే ఆవిడ చూసిన పెద్ద కొండ. వెళ్ళాలని ఉందా అంటే ఉంది. గొంతు దాకా ఉంది.

"ఇంక అసలు సంగతి," అని హేమశ్రీ ఒక సంచీ బోర్లించింది. కాలేజీ రికార్డు పుస్తకం అట్ట కత్తిరించి చేసిన ముక్కలు, పేకముక్కలంత ఉన్నాయి. ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో గుండ్రని అక్షరాలు. "చలేస్తోంది." "టీ చెప్పండి." "కాళ్ళు నొప్పెడుతున్నాయి, కాసేపు కూచుందాం." "ఫొటోకి నవ్వండి." "పిల్లకి ఏం కొందాం?"

"ముప్పై రెండు చేశానమ్మా. అక్కడ నేనుండను కదా. మీ ఇద్దరూ ఒక గదిలో రెండు రోజులు. నీకు ఏది కావాలంటే ఆ ముక్క తీసి నాన్నకి చూపించు. నాన్నకి వేరే సెట్టు చేస్తా. మాట్లాడక్కర్లేదు, నీ పంతం నీకుంటుంది, సిమ్లా సిమ్లాకుంటుంది."

రామలక్ష్మి ఆ ముక్కల్ని ముట్టుకోలేదు. పాముని చూసినట్టు వెనక్కి జరిగింది.

"వద్దే. రాసి చూపించినా మాటే అవుతుంది."

"ఎవరన్నారు?"

"అవుతుందే! తియ్యి అవతలికి."

ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. మూడేళ్ళు ఇద్దరి మాటలూ మోసిన పిల్లకి ఆ తేడా తెలీకుండా ఎలా ఉంటుంది? హేమశ్రీ నవ్వు ఆపి తల్లి మొహంలోకి చూసింది.

"అమ్మా, ఇది పంతం కాదు. పంతం ఉన్నవాళ్ళు మొగుడికి స్వెట్టర్ అల్లరు. ఏంటిది? నువ్వెందుకు మాట్లాడవు?"

"ఊరికే."

"ఊరికే అయితే నేను సాయంత్రం ఫోన్ తీసి మీరిద్దరూ రారని చెప్పేస్తా. జంట లేకపోతే నాన్న కూడా వెళ్ళడానికి లేదు. గణేష్‌బాబు గారు నాతో రెండుసార్లు చెప్పారు."

రామలక్ష్మి ఉపాయం అక్కడికక్కడే కూలిపోయింది. వెళ్తే అక్కడ ఒక గదిలో ఇద్దరూ. ఎక్కడో ఒక చోట నోరు జారకుండా ఉంటుందా? కోతి కళ్ళద్దాలు లాక్కుంటే "అయ్యో" అనదా? వెళ్ళకపోతే, మూడేళ్ళకి ఆ మనిషి నోటంట సంతోషంగా వచ్చిన ఒక్క మాట తనే తుంచేసినట్టు అవుతుంది. అడకత్తెరలో పోకచెక్కయిపోయింది. ఊలు పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెరువులో ఉప్పునీళ్ళు పెట్టిన రోజు సాయంత్రం," అంది మెల్లగా, "గట్టు మీద నిలబడి చూశాను. మా నాన్న చేలో ఉప్పునీళ్ళు. ఇంటికొచ్చాను. నువ్వు జ్వరంగా ఉందని ఆ గదిలో పడుకున్నావు, నిద్రపోతున్నావు. నాకు ఒళ్ళు తెలీలేదు హేమా. నీ తల మీద చెయ్యి పెట్టాను."

"పెట్టి?"

"‘ఈ మనిషితో ఇంక మాట్లాడితే నా బిడ్డ నాకు దక్కదు’ అన్నాను."

హేమశ్రీ చెయ్యి తన నెత్తి మీదికి వెళ్ళింది. 

"మీ అత్త వీరదుర్గ వదిన గుమ్మంలో ఉంది. ఆవిడ ఒక్కతే విన్నది. ‘ఎంత పని చేశావే’ అని నెత్తి కొట్టుకుంది. వారం తిరక్కుండానే నా కోపం దిగిపోయింది. కోపం దిగితే ఒట్టు దిగదు కదే!"

హేమశ్రీ ముందు నమ్మలేదు. తర్వాత నవ్వబోయింది. "అంతేనా? ఒట్టు తీసి గట్టున పెట్టెయ్యమ్మా, పోతుంది."

"ఒకసారి తప్పాను."

"ఎప్పుడు?"

"రెండేళ్ళ కిందట మీ నాన్న చలిజ్వరంతో చెరువు మీంచి వచ్చి పడిపోయారు. నువ్వు బడిలో ఉన్నావు. పెదాలు ఎండిపోయి మూలుగుతున్నారు. ‘మంచినీళ్ళు ఇమ్మంటారా?’ అన్నాను. ఆ ఒక్క మాటే. నాలుగో రోజుకి నీ కళ్ళు పచ్చబడ్డాయి."

హేమశ్రీకి ఆ కామెర్లు బాగా గుర్తు. భీమవరం ఆసుపత్రిలో పదకొండు రోజులు. అమ్మ పదకొండు రోజులూ మంచం పక్కన నేల మీద కూచుని, ఎవరేం పెట్టినా తినకుండా, ఎవరేం అడిగినా పలక్కుండా ఉండిపోయింది. అదంతా ప్రేమే అనుకుంది పిల్ల. 

లేచి నిలబడింది. మొహం ఎర్రబడిపోయింది.

"నీ చేను నిన్నడక్కుండా తవ్వేశారని నాన్న మీద నీకు కోపం. మరి నా తల నన్నడిగి పెట్టావా ఒట్టు? నాన్న మట్టి తవ్వారు, నువ్వు నన్నే తవ్వావు. పైగా ఆ ఒట్టు కింద నన్నే కూచోబెట్టి, ఆ మాటలన్నీ నా చేతే మోయించావు."

"తప్పేనే తల్లీ. నాకు తెలీదా తప్పని? దారి లేకే కదా."

"నాన్నకి చెప్తాను."

"వద్దు! నా మీద ఒట్టే... " అనబోయి రామలక్ష్మి తన నోరు తనే గట్టిగా మూసుకుంది. ఇన్నేళ్ళకి మళ్ళీ అదే మాట ఎంత తేలిగ్గా వచ్చేసిందో చూసుకుని ఆవిడకే ఒళ్ళు జలదరించింది.

హేమశ్రీ లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని, కాలేజీ సంచీ భుజాన వేసుకుని వచ్చింది.

"ఎక్కడికే?"

"పనుంది. సాయంత్రానికొస్తా."

"మీ నాన్నగారు భోజనానికొస్తే..."

"మీరూ మీరూ చూసుకోండి. నేనింక మొయ్యను," అని గేటు ధడేలున వేసి వెళ్ళిపోయింది.

ఒంటిగంటన్నరకి సత్యప్రసాద్ వచ్చాడు, ఎప్పటిలాగే పెరటి గుమ్మంలోంచి. మూడేళ్ళ నుంచి ఆయన వీధి గుమ్మం వాడటం మానేశాడు. తన మొహం చూడటం ఇష్టం లేకే అనుకునేది రామలక్ష్మి. కాళ్ళు కడుక్కుని బల్ల దగ్గరకొచ్చి, కూతురి కుర్చీ ఖాళీగా ఉండటం చూసి అటూ ఇటూ వెతుక్కున్నాడు. ఆవిడ కంచం మీద గరిటెతో రెండుసార్లు కొట్టి, వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

బల్ల మీద హేమశ్రీ పడేసి వెళ్ళిన ఆ అట్టముక్కలున్నాయి. ఆయన ఒకటి తీశాడు. చదివాడు. ఇంకోటి తీశాడు. అన్నం చల్లారుతోంది. ముప్పై రెండూ చదివాక పక్క కుర్చీ మీదున్న స్వెట్టర్ చూశాడు. తీసి, మెడలోంచి దూర్చుకున్నాడు. మొగల్తూరులో ఆ మధ్యాహ్నం ఫ్యాను లేకపోతే కూచోలేని ఉక్క. ఛాతీ మీద ఊలు పువ్వుల మధ్య కన్నాల్లోంచి తెల్ల బనీను కనిపిస్తూ, చెమటలు కక్కుతూ, ఆయన గోడ గడియారం వైపు తిరిగాడు.

"అక్క ఆ మర్నాడే చెప్పేసింది," అన్నాడు గడియారంతో.

రామలక్ష్మి గుమ్మం పట్టుకుంది.

"పిల్ల తల మీద చెయ్యి పెట్టిందని చెప్పింది. నాకు కోపం రాలేదు, భయమేసింది. ఆ మనిషి నోరు ఎక్కడ జారుతుందోనని నేనే కాచుకుంటూ వచ్చాను. ఎదురుపడితే అలవాటు కొద్దీ ఏదో ఒకటి అనేస్తుందని వెనక గుమ్మంలోంచి వస్తున్నాను. రాత్రిళ్ళు చెరువు గట్టున పాకలో పడుకున్నదీ అందుకే. ఊళ్ళో వాళ్ళు పెళ్ళాం గెంటేసిందన్నారు. అననీ అనుకున్నాను."

గడియారం టిక్కుటిక్కుమంది. అది ఈ ఇంట్లో ఎన్నో విన్నది గానీ ఇలాంటివి వినలేదు.

"జ్వరంలో ఉన్నా వినపడింది. మంచినీళ్ళు ఇమ్మంటారా అన్నది. ఏడాది తర్వాత ఆ గొంతు వింటే ప్రాణం లేచొచ్చింది. నాలుగు రోజులకి పిల్లని ఆసుపత్రిలో వేశాం. నీళ్ళు బాగాలేక వచ్చిందన్నాడు డాక్టరు. నిజమే అయ్యుంటుంది. నేను బీయస్సీ చదివినవాణ్ణి. ఆ చదువు ఆసుపత్రి మెట్ల దాకా వచ్చింది గానీ లోపలికి రాలేదు. నేనేం తక్కువ తిన్నానా, నేనూ నమ్మాను."

రామలక్ష్మి గుమ్మంలోనే కూలబడింది. మూడేళ్ళు ఈ బోనులో తనొక్కతే ఉన్నాననుకుంది. పక్కనే ఆయన కూడా ఉన్నాడు. గోడకి అటొకళ్ళూ ఇటొకళ్ళూ కూచుని, అవతలివాళ్ళు తాళం వేశారనుకున్నారు. ఏడుపొచ్చింది. ఏడుపుతోపాటు మాట కూడా వచ్చేస్తుందని కొంగు పళ్ళ మధ్య బిగించి పట్టుకుంది.

"ఆ ఎకరం తవ్వించడం తప్పు," అన్నాడాయన. "అడిగితే వద్దంటుందని తెలుసు. అందుకే అడగలేదు. ఆ మట్టి ఉప్పెక్కిపోయింది, నా హయాంలో అందులో మళ్ళీ వరి పండదు. అది నేను బాగుచెయ్యలేను. అందుకే గణేష్‌బాబు సిమ్లా అనగానే... అక్కడ మాట్లాడక్కర్లేదు. మంచు చూడ్డానికి మాటలెందుకు? బెంచీ మీద పక్కపక్కన కూచుంటే చాలనుకున్నాను. ఇక్కడ ఆ మాత్రం కూడా కుదరడం లేదు."

ఒక్క మాట. "వస్తానండి" అంటే చాలు. రామలక్ష్మి నాలిక మీదే ఉంది ఆ మాట. దానికి అడ్డంగా, ఆసుపత్రిలో పచ్చబడ్డ హేమశ్రీ కళ్ళున్నాయి. తల ఊపితే? ఊపడం కూడా మాట కిందికి వస్తుందా? ఒట్టు పెట్టిన రోజు అవన్నీ ఎవరు ఆలోచించారు! ఆవిడ లేచి, ఆయన అడక్కుండానే, మధ్యలో ఎవరూ చెప్పకుండానే అన్నంలో చారు పోసింది. ఆయన ఆ స్వెట్టర్‌తోనే, తల వంచుకుని, ఉప్పు సరిపోయిందో లేదో చూసుకోకుండా తిన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన చెరువుల మీదికి వెళ్ళలేదు. కుర్చీ వరండాకి అటు చివర వేసుకుని కూచున్నాడు. ఆవిడ లోపల కూచుంది. మూడు దాటింది, నాలుగు దాటింది. హేమశ్రీ రాలేదు. ఆవిడ నాలుగుసార్లు గేటు దాకా వెళ్ళొచ్చింది, ఆయన అయిదుసార్లు. ఆవిడ వెళ్ళినప్పుడు ఆయన, ఆయన వెళ్ళినప్పుడు ఆవిడ తల తిప్పుకున్నారు. పిల్ల ఎక్కడికెళ్ళిందో ఒకళ్ళనొకళ్ళు అడుక్కోవడానికి కూడా ఆ పిల్లే కావాలి.

అయిదయ్యేసరికి ఫోన్ మోగింది.

సత్యప్రసాద్ వరండాలోంచి కదల్లేదు. "నేను తియ్యను," అన్నాడు గడియారానికి వినపడేలా. "మొన్న అడక్కుండా వస్తామనేశాను. చేను విషయంలోనూ అదే చేశాను. ఈసారి చెప్పాల్సింది నేను కాదు."

ఫోన్ మోగుతూనే ఉంది. రామలక్ష్మి వెళ్ళి తీసింది.

"నమస్కారమండి మేడం! నేనండి, గణేష్‌బాబుని. సార్ లేరాండి? పోనీ మీరే చెప్పెయ్యండి. పేర్లు ఇప్పుడే హైదరాబాదు పంపాలండి. రెండు టికెట్లు ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

ఇది మొగుడితో మాట్లాడటం కాదు. గణేష్‌బాబుతో మాట్లాడటం. ఇందులో తప్పు లేదు. కాకపోతే ఇక్కడ అనే మాట వరండాలో ఆయనకి వినపడుతుంది. వినపడాలనే అంటుంది తను. మరి అది ఎవరితో మాట్లాడినట్టు?

"హలో, మేడం?"

ఆవిడ నోరు తెరిచింది. అదే సమయానికి వీధి గేటు కిర్రుమంది.

ఎవరో పిల్ల లోపలికి వచ్చింది. ముందు ఎవరో అనుకుంది రామలక్ష్మి. గుండు. గుండు మీద పసుప్పచ్చగా గంధం. చెవులు పెద్దవిగా, మెడ సన్నగా కనిపిస్తోంది. ఆ భుజాన ఉన్నది మాత్రం కాలేజీ సంచీ. 

ఆవిడ చేతిలోంచి రిసీవరు జారి తీగకి వేలాడింది.

"ఏవండీ!" అని అరిచింది ఇల్లదిరేలా. "ఏవండీ, ఇలా రండి! పిల్లని చూడండి, ఏం చేసుకొచ్చిందో చూడండి!"

"ఏమైంది రామలక్ష్మీ!" అంటూ ఆయన పరిగెత్తుకొచ్చాడు.

ఇద్దరూ మెట్ల మీద పక్కపక్కన నిలబడ్డాక గానీ, ఏం జరిగిపోయిందో ఇద్దరికీ తెలీలేదు. 

హేమశ్రీ నవ్వింది. ఎండకి కందిపోయిన మొహంతో, పెదాలు ఆరిపోయి, అయినా గెలిచినట్టు నవ్వింది.

"అంతర్వేది వెళ్ళొచ్చానమ్మా. పంటు మీద గోదారి దాటి, బస్సెక్కి, ఒక్కదాన్నే. తలనీలాలిచ్చేశాను. ఇంక ఈ తల నీది కాదు, నాది కూడా కాదు, నరసింహస్వామిది. నువ్వు పెట్టిన ఒట్టు ఆ జుట్టుతోపాటే పోయింది. రేపు కాలేజీలో అందరూ నవ్వుతారు, నవ్వనీ. మీరిద్దరూ మాట్లాడుకుని సిమ్లా వెళ్ళండి."

రామలక్ష్మి ఏడుస్తూ నవ్వింది. మొగుడి మొహంలోకి చూసింది, మూడేళ్ళకి సూటిగా. ఆయన కూడా చూశాడు. లోపల వేలాడుతున్న రిసీవరులోంచి "మేడం? రెండు ఉంచమంటారాండి?" అని సన్నగా వినిపిస్తోంది. చెబుదామని ఆవిడ లోపలికి ఒక అడుగు వేసింది.

"అమ్మా," అంది హేమశ్రీ వెనకనుంచి. గొంతు మారింది. "ఎందుకో కళ్ళు తిరుగుతున్నాయే."

చెయ్యి గాల్లో స్తంభం కోసం వెతికింది, అందలేదు. సంచీ జారింది. పిల్ల మెట్టు మీద కూచోబోయి, అలాగే పక్కకి ఒరిగిపోయింది.

సత్యప్రసాద్ ఒక్క అంగలో వెళ్ళి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. రామలక్ష్మి పాదాలు పట్టుకుంది, అవి చల్లగా ఉన్నాయి. ఎండ దెబ్బా? పొద్దుటినుంచీ ఏమీ తినకపోవడమా? నీళ్ళు తెమ్మని ఎవరో ఒకళ్ళు అనాలి. డాక్టర్ని పిలవమని ఎవరో ఒకళ్ళు అనాలి. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. 

ఇద్దరిలో ఎవరూ నోరు తెరవలేదు.